గాలి పేరు పెట్టుకున్న అక్షరాలు



అక్షరాల రూపం గురించి రేడియోలో మాట్లాడటం ఒక రకంగా మొండితనమే. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని మీ చూపుడువేలు కాసేపు అరువివ్వండి. బల్లమీదో మోకాలిమీదో ఇంగ్లీషు కలిపిరాతలో చిన్న 'ఏ' రాసి, వేలెత్తకుండా దాని పక్కనే చిన్న 'ఎన్' రాయండి. అయిందా? ఇప్పుడు చిన్న 'ఓ' రాసి, మళ్ళీ వేలెత్తకుండానే 'ఎన్' రాయండి. తేడా తెలిసిందా? మొదటిసారి మీ వేలు అడుగునుంచి పైకి లేచి 'ఎన్'ని అందుకుంది. రెండోసారి 'ఓ' నెత్తిమీదినుంచే అడ్డంగా జారి అందుకుంది. రాసింది అదే 'ఎన్', కానీ రెండుచోట్లా రెండు రకాలుగా మొదలైంది.

చెయ్యి ఈ సర్దుబాటు మనతో చెప్పకుండానే చేసేస్తుంది. అచ్చు అక్షరం అలా చేయలేదు. కుంచెతో చకచకా రాసినట్టు కనిపించే అచ్చు అక్షరాల కథ ఇవాళ చెప్పుకుందాం. కుంచె గుణం వాటిలోకి ఎలా వచ్చింది, డెబ్బై ఎనభై ఏళ్ళయినా అవి ఎందుకు పోలేదు అన్నది విషయం. ఇలాంటివి చాలా ఉన్నా నేను ఎక్కువగా చెప్పేది ఒకదాని గురించే. దాని పేరు మిస్త్రాల్. 1953లో ఫ్రాన్సులో, మార్సెయ్ రేవు పట్నంలో పుట్టింది.

ముందు సీసపు అచ్చుల సంగతి రెండు మాటల్లో చెప్పాలి. వయసులో పెద్దవాళ్ళకు ప్రెస్సు వాసన గుర్తుండే ఉంటుంది. సీసం, తగరం, యాంటిమొనీ కలిపి కరిగించి పోసిన చిన్న చిన్న కడ్డీలు, ఒక్కో కడ్డీ కొసన ఒక్కో అక్షరం తిరగేసి ఉబ్బెత్తుగా. కంపోజిటరు వాటిని కేసులోంచి ఏరి ఒకదాని పక్కన ఒకటి పేరుస్తాడు. పుస్తకాల్లో వాడే మామూలు ఇంగ్లీషు అక్షరాలకు ఈ పద్ధతి దివ్యంగా కుదిరింది. ఎందుకంటే అవి ఒకదాన్నొకటి తాకవు, ఎవరి హద్దులో వాళ్ళుంటారు.

కలిపిరాతకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. కేసులో ఉండే 'ఎన్' రూపం ఒక్కటే. తన ఎడమపక్కకు 'ఏ' వస్తుందో 'ఓ' వస్తుందో దానికి తెలియదు. చిన్న అక్షరాలు ఇరవయ్యారు. ఏ అక్షరం పక్కన ఏదైనా రావచ్చు కాబట్టి జతలు 676. ప్రతి జతలోనూ ఈ గీత ఆ గీతను అందుకోవాలి. అందుకోవాలంటే గీత సరిగ్గా కడ్డీ అంచుదాకా రావాలి. ఆ అంచు వాడగా వాడగా కాస్త అరిగిందో, కాగితం మీద అక్షరాల మధ్య సన్నటి తెల్లచీలిక పడుతుంది. రాత వాలుగా ఉంటే ఇంకో బాధ. అక్షరం కొసలు కడ్డీ దాటి బయటికి పొడుచుకొస్తాయి, యంత్రం ఒత్తిడికి పుటుక్కున విరుగుతాయి. అందుకే చేతిరాతను అచ్చులోకి దింపే పని ఎప్పుడూ ఖర్చుతో, తలనొప్పితో కూడిన వ్యవహారం. అయినా దానిమీద మోజు మాత్రం ఎవరికీ తగ్గలేదు.

మోజు ఎక్కువగా ఉన్నది వ్యాపార ప్రకటనలవాళ్ళకి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా దుకాణాల్లో అట్టలమీద ధరలూ తగ్గింపులూ రాసిపెట్టే కుంచె పనివాళ్ళు ఉండేవారు. ఈ వారం అట్ట వచ్చే వారానికి పనికిరాదు కాబట్టి తీరికగా దిద్దుకుంటూ కూర్చుంటే పని గడవదు. ఒక్క విసురులో ఒక్క గీత, అంతే. ఆ వేగంలోనుంచి ఒక అందం వచ్చింది. మొదట లావుగా ఆని, చివర సన్నగా తేలిపోయే గీత. చూసినవాళ్ళకు కొట్టువాడు స్వయంగా రాసి పెట్టాడేమో అనిపించేది.

ఆ అందాన్నే సీసంలో పోసి అమ్మాలని చూసింది అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ. రాబర్ట్ ఇ. స్మిత్ అనే రూపకర్త గీసిన 'బ్రష్ స్క్రిప్ట్'ను 1942లో విడుదల చేసింది. పేరులోనే కుంచె ఉంది. అక్షరాలన్నీ వాలుగా, ఒకదానితో ఒకటి చేతులు కలుపుకుని, కావాలనే కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటాయి. ప్రకటనలవాళ్ళు, దుకాణాలవాళ్ళు వెంటనే ఎగబడ్డారు. యుద్ధం ముగిశాక వచ్చిన అమెరికా పత్రికలు తిరగేస్తే సబ్బు మొదలు రిఫ్రిజిరేటర్ దాకా ఆ తరహా కుంచెరాతలే పలకరిస్తాయి. 1951లో పీటర్ డొంబ్రెజియన్ గీసిన 'డొమ్ క్యాజువల్' కూడా ఆ వరసలోదే. అది ఇంకొంచెం తేలిక చేసుకుంది. అక్షరాలను కలపనే కలపలేదు, విడివిడిగా ఉంచి కుంచె పోకడ మాత్రం చూపించింది. నన్నడిగితే ఇది చిక్కును విప్పడం కాదు, పక్కనుంచి తప్పుకుపోవడం.

చిక్కును ఎదురుగా పట్టుకున్నవాడు మార్సెయ్‌లో ఉన్నాడు. పేరు రోజే ఎక్స్‌కోఫోన్. 1910లో అక్కడే పుట్టాడు. ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో న్యాయశాస్త్రం చదవబోయి, అది మనసుకు ఎక్కక, బొమ్మలు వేసుకుంటానని పారిస్ వెళ్ళిపోయాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో 'ఫోండరీ ఓలివ్' అనే అచ్చు అక్షరాల కర్మాగారానికి కళాబాధ్యతలు తీసుకున్నాడు. మార్సెయ్‌లోని ఆ కర్మాగారం చిన్నది, యజమాని మార్సెల్ ఓలివ్. అప్పట్లో ఫ్రాన్సులో అక్షరాల వ్యాపారమంటే పారిస్‌లోని డెబెర్నీ ఎ పెన్యో. పేరూ డబ్బూ పెద్ద కళాకారుల అండా వాళ్ళకే ఉన్నాయి. దక్షిణాదిలో ఒక మూల ఉన్న చిన్న కర్మాగారం వాళ్ళతో పుస్తకాల అక్షరాల్లో పోటీపడి నెగ్గేది కాదు. మరి ఎవరికి అమ్మాలి?

ఊరూరా ఉండే చిన్న ప్రెస్సులకు. విజిటింగ్ కార్డులు, పెళ్ళి పిలుపులు, హోటలు పట్టికలు, మందులషాపు బిల్లులు వేసుకుని బతికే ప్రెస్సులకు. నాలుగు మాటల శీర్షికలో దమ్ము చూపించగల అక్షరం వాళ్ళకు కావాలి. పుస్తకం వేయడానికి కావలసినంత సీసం కొనే స్తోమత వాళ్ళకు ఉండదు, ఒక చిన్న పెట్టెడు శీర్షిక అక్షరాలు మాత్రం కొంటారు. ఎక్స్‌కోఫోన్ గీసినవాటిలో చాలా భాగం ఇలాంటివాళ్ళ కోసం పుట్టాయనిపిస్తుంది. 1951లో 'బాంకో' వచ్చింది. రేకుముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టుండే పెద్ద అక్షరాలు. తరవాత ముప్ఫై ఏళ్ళకు అమెరికాలో స్కేట్‌బోర్డు కుర్రాళ్ళ పత్రిక 'థ్రాషర్' తన పేరును ఆ అక్షరాల్లోనే వేసుకుంది. ఇవాళ ఆ పేరున్న టీషర్టులు మన ఊళ్ళ ఫుట్‌పాత్‌ల మీద కూడా కనిపిస్తాయి. తొడుక్కున్న కుర్రాడికి మార్సెయ్ సంగతి తెలియాల్సిన పనేమీ లేదనుకోండి.

బాంకో తరవాత రెండేళ్ళకు వచ్చింది మిస్త్రాల్. ఈసారి ఎక్స్‌కోఫోన్ నమూనాగా తీసుకున్నది తన చేతిరాతనే.

చేతిరాతను అచ్చు చేయడం అంటే ఎవరైనా ఏమనుకుంటారు? అక్షరమాల ఒకసారి అందంగా రాసి, పోత పోయించేస్తే సరి అనుకుంటారు. అలా చేసిన అక్షరాలు ప్రపంచంలో కోకొల్లలు. విడిగా చూస్తే ముద్దొస్తాయి, మాటలో పెడితే ఒకదానికొకటి ఎడమొహం పెడమొహం. ఎక్స్‌కోఫోన్ చేసింది వేరు. అక్షరం బయటికి వెళ్ళే గీత, తరవాతి అక్షరం లోపలికి వచ్చే గీత ఒకే ఎత్తులో కలుసుకునేలా ముందు ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. 'ఏ' కావచ్చు, 'ఓ' కావచ్చు, తలుపు దగ్గర అందరూ ఒకే ఎత్తులో చెయ్యి చాచాలి. ఇక మిగతా ఒంటికి మాత్రం పూర్తి స్వేచ్ఛ ఇచ్చేశాడు. కొన్ని అక్షరాలు పొట్టి, కొన్ని పొడుగు, కొన్ని గీత కిందికి దిగజారతాయి, కొన్ని కాస్త ఎగిరినట్టుంటాయి. స్కేలు పెట్టి గీసినట్టు ఒక్క వరసలో నిలబడవు. వాలు కూడా తక్కువే, కాబట్టి కొసలు విరిగిపోయే బెడదా అంతగా లేదు.

కన్ను ఇక్కడే మోసపోతుంది. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి కదా, ఏదో తొందరలో రాశారనుకుంటుంది. ఆ ఎగుడుదిగుళ్ళ సందడిలో, కలిసే చోట్లన్నీ సూటిగా ఒకే ఎత్తున ఉన్నాయన్న సంగతి దానికి అందదు. నాకు మిస్త్రాల్‌లో నచ్చేది ఇదే. విచ్చలవిడిగా కనిపించడానికి దానంత క్రమశిక్షణ పాటించిన అక్షరాలు అరుదు. కచ్చేరీలో విద్వాంసుడు అలవోకగా స్వరాలు విసురుతుంటే, తాళం ఎక్కడా తప్పలేదని వేలు మడిచి లెక్కపెట్టుకున్నవాడికే తెలుస్తుంది. ఇదీ అలాంటిదే.

ఇంకో మెలిక ఉంది. మనం రాసే రాతలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు. అచ్చులో ఉంటాయి. చేతిరాతను అనుకరించే అచ్చు దొంగతనం దొరికిపోయేది సరిగ్గా ఇక్కడే. ఒకే మాటలో రెండు 'ఈ'లు వస్తాయి, రెండూ కవల పిల్లల్లా నిలబడి అసలు సంగతి చెప్పేస్తాయి. ఇప్పటి కంప్యూటరు ఖతుల్లో, అంటే ఫాంట్లలో, దీనికి మందు ఉంది. 1990ల చివర్లో వచ్చిన ఓపెన్‌టైప్ పద్ధతిలో ఒకే అక్షరానికి నాలుగైదు రూపాలు దాచిపెట్టి, పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి తగినదాన్ని తీసి వాడమని యంత్రానికే చెప్పవచ్చు. ఎక్స్‌కోఫోన్‌కు ఆ సౌకర్యం లేదు. కంపోజిటరు చేతి కింద ఉన్న కేసు, అందులో ఉన్న సీసం, అంతవరకే అతని హద్దు. ఆ హద్దులో ఉండి కూడా కన్ను కవలల మీద నిలవకుండా మాటంతా ఒక్క పరుగులో చదివించేశాడు. నేటి ఖతులు పదింతల సరంజామాతో చేసే పని అది.

పేరు సంగతీ చెప్పుకోవాలి. మిస్త్రాల్ అన్నది ఒక గాలి. ఉత్తరంనుంచి రోన్ నది లోయ వెంట దూసుకొచ్చి ప్రొవాన్స్ మీద, మార్సెయ్ మీద పడే చల్లటి పొడిగాలి. మార్సెయ్ వ్యాపారి తన సరుకుకు అంతకంటే దగ్గరి పేరు పెట్టుకోలేడు. రెండేళ్ళకు, 1955లో, ఆమ్‌స్టర్‌డామ్ కర్మాగారం కూడా మిస్త్రాల్‌ను పోసి అమ్మడం మొదలుపెట్టింది.

అదే సంవత్సరం ఎక్స్‌కోఫోన్ 'షోక్' విడుదల చేశాడు. మిస్త్రాల్‌కు లావుపాటి తోబుట్టువును చేయబోతే, గీతలు లావెక్కేకొద్దీ కలిపిరాత కుదరక, అది వేరే మనిషై కూర్చుంది. నిండా సిరాలో ముంచిన కుంచెతో అదిమి రాసినట్టు ఉంటుంది. ఐరోపాలో, అమెరికాలో జపాన్ చేపల వంటకాలు అమ్మే హోటళ్ళు దాన్ని ఎంతగా సొంతం చేసుకున్నాయంటే, అది తూర్పుదేశాల అక్షరమేమో అనుకునేవాళ్ళున్నారు. నిజానికి అదీ మార్సెయ్ కర్మాగారంలో పుట్టిందే. కుంచె కనిపిస్తే చాలు, జనం దానికి వాళ్ళకు తెలిసిన ఊరు అంటగడతారు.

ఈ కుంచె అక్షరాలన్నీ ఏ కాలంలో వచ్చాయో ఒకసారి చూడండి. 1957లో రెండు ఖతులు వచ్చాయి. ఒకటి డెబెర్నీ ఎ పెన్యో కోసం అడ్రియన్ ఫ్రుటిగర్ గీసిన 'యూనివర్స్'. రెండోది స్విట్జర్లాండ్‌లో హాస్ కర్మాగారం తెచ్చిన అక్షరం, తరవాతి రోజుల్లో 'హెల్వెటికా' అని లోకమంతా పిలిచింది. నున్నగా, నిటారుగా, ఎవరి చెయ్యీ తగలనట్టుండే అక్షరాలు. పెద్ద కంపెనీలు, విమానాశ్రయాలు, ప్రభుత్వాలు వాటివైపు తిరిగిపోయాయి. 1960లు వచ్చేసరికి చదువుకున్న డిజైనర్ల దృష్టిలో కుంచె అక్షరం పాతబడ్డ మోటు సరుకు. ఫ్రాన్సులో మాక్సిమిలియన్ వాక్స్ లాంటివాళ్ళు మాత్రం ఈ స్విస్ క్రమానికి ఎదురునిలిచి, చేతి కదలికకు విలువిచ్చే లాటిన్ సంప్రదాయం ఒకటుందని వాదించారు. వాక్స్ 1954లో అక్షరాలను తెగలుగా విడదీసినప్పుడు చేతిరాత అచ్చులకు ఒక తెగ ప్రత్యేకంగా కేటాయించాడు. ఆ వాదానికి బలమైన సాక్ష్యం ఎక్స్‌కోఫోన్ పనే.

ఆయన్ని ఒక్క కుంచె మనిషిగా కట్టేయకూడదు. 1960లలో 'ఆంటిక్ ఓలివ్' అనే దిట్టమైన, కుంచె జాడలేని అక్షరాల కుటుంబాన్ని తీర్చాడు. ఎయిర్ ఫ్రాన్స్ పేరును చాలాకాలం మోసిన అక్షరాలు ఆ కుటుంబానివే. 1968లో గ్రెనోబుల్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్ చిహ్నం గీసింది కూడా ఆయనే. 1983లో పోయాడు. ఆ పెద్ద పనులన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. వీధుల్లో మిగిలింది మాత్రం ఎక్కువగా మిస్త్రాలే.

ఎలా మిగిలింది? ఫోండరీ ఓలివ్ 1978లో మూతపడి, అక్షరాలు హాస్ కర్మాగారం చేతికి వెళ్ళాయి. సీసం యుగమే అయిపోయింది. అక్షరం మాత్రం కొత్త ఒళ్ళు తొడుక్కుంటూ పోయింది. కర్మాగారం మూతపడకముందే లెట్రాసెట్ రేకులు వచ్చాయి. పారదర్శకంగా ఉండే షీటు మీద అక్షరాలుంటాయి, కాగితం మీద పెట్టి వెనకనుంచి రుద్దితే అంటుకుంటాయి. ప్రెస్సుతో పనిలేకుండా ఎవరి బల్లమీద వాళ్ళే శీర్షిక చేసుకోవచ్చు. ఫిల్ము మీద అక్షరాలూ వచ్చాయి, వాటి తరవాత కంప్యూటరు. అసలు మలుపు తిరిగింది 1990లలో, మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు ఈ ఖతులూ ఊరికే వచ్చినప్పుడు. మిస్త్రాల్ వచ్చింది, బ్రష్ స్క్రిప్ట్ వచ్చింది. అప్పటిదాకా ఒక పెట్టె అక్షరాలు కొనాలంటే ప్రెస్సువాడు నాలుగుసార్లు ఆలోచించేవాడు. ఇప్పుడు ఎక్స్‌కోఫోన్ చేతిరాత ప్రపంచంలో ప్రతి గుమాస్తా బల్లమీదా ఉంది.

దాంతో దుర్వినియోగమూ మొదలైంది. కలిపిరాత అక్షరాల్లో మాటంతా పెద్ద అక్షరాలతో వేస్తే ఏం జరుగుతుంది? పెద్ద అక్షరాలు మాట మొదట్లో ఒకటి ఉండటానికి పుట్టాయి, పక్కనున్నవాటితో కలవవు. పదిమంది పెళ్ళికొడుకుల్ని ఒకే పీటమీద కూర్చోబెట్టినట్టు తయారవుతుంది, చదవడానికి కళ్ళు పోతాయి. అక్షరాల మధ్య జాగా పెంచితే అంతకంటే ఘోరం. ఎక్స్‌కోఫోన్ ఎంతో లెక్కగా కలిపిన చేతులన్నీ ఊడిపోతాయి. ఈ రెండు తప్పులూ మన ఊళ్ళ స్కూలు వ్యాన్ల మీద, శుభలేఖల ఇంగ్లీషు పేజీల మీద కావలసినన్ని కనిపిస్తాయి. డీటీపీ సెంటరు కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. ఖతితోపాటు దాన్ని వాడే పద్ధతి ఎవరూ చెప్పలేదు.

అతివాడకం విసుగు తెచ్చింది. విసుగు వెక్కిరింతగా మారింది. 2010లో సైమన్ గార్‌ఫీల్డ్ ఖతుల గురించి రాసిన పుస్తకంలో ప్రపంచంలోని చెత్త ఖతుల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో బ్రష్ స్క్రిప్ట్‌కు చోటు దక్కింది. చేతిరాతలా ఉంటుంది గానీ అలా రాసే మనిషిని ఎవరూ చూసి ఉండరన్నది దానిమీద మామూలుగా వినిపించే ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. స్మిత్ అక్షరాలు బోర్డు కళాకారుల వృత్తిని అనుకరించాయి, ఒక మనిషిని కాదు. మిస్త్రాల్ విషయంలో ఆ ఫిర్యాదు నిలవదు. అలా రాసే మనిషి ఒకడు ఉన్నాడు, అతని పేరూ ఊరూ మనకు తెలుసు.

అయినా జనం వాటిని వదల్లేదు. ఆస్ట్రేలియాలో 1985లో మొదలైన 'నెయిబర్స్' సీరియల్ తన పేరును బ్రష్ స్క్రిప్ట్‌లోనే వేసుకుని ఇళ్ళలోకి వచ్చింది. ఇరుగుపొరుగు కథ కాబట్టి ఇరుగుపొరుగు రాసినట్టుండే అక్షరం. 2011లో నికొలస్ వైండింగ్ రెఫ్న్ తీసిన 'డ్రైవ్' సినిమా మొదలవగానే, లాస్ ఏంజెలెస్ రాత్రి దృశ్యాల మీద గాఢమైన గులాబీరంగులో మిస్త్రాల్ అక్షరాలు పరుచుకుంటాయి. అరవై ఏళ్ళ వయసున్న, కొట్టు బోర్డుల మీద నలిగిపోయిన ఆ అక్షరం ఉన్నట్టుండి కుర్రకారుకు ముద్దొచ్చింది. దాని తరవాత గులాబీ మిస్త్రాల్ పోస్టర్లు ఎన్ని వచ్చాయో లెక్కలేదు. అక్షరం మారలేదు, దానికి ఇచ్చిన రంగూ చీకటీ మారాయి.

ఫ్రాన్సు పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఈ ఖతిని వెతుక్కోనక్కరలేదు. రొట్టెల దుకాణం, మంగలి దుకాణం, పూలకొట్టు, గొట్టాలు బాగుచేసేవాడి వ్యాను, రేవులో పడవ పక్కభాగం మీద పేరు, ఎక్కడ చూసినా అదే. మంచి డిజైనర్లు దీన్ని చూసి ముక్కు విరుస్తారు. నా ఉద్దేశం వేరు. ఎక్స్‌కోఫోన్ దాన్ని చిన్న ప్రెస్సులకూ చిన్న వ్యాపారాలకూ పనికొచ్చేలా చేశాడు, అది అక్కడికే చేరింది. బోర్డు రాయించుకోవడానికి మంచి కళాకారుణ్ణి పిలిపించలేని మంగలికి, ఒక గొప్ప కళాకారుడి చేతిరాత కారుచౌకగా దొరికింది. ఇందులో దిగజారుడు ఎక్కడుంది? పుట్టిన పని చేస్తున్న అక్షరాన్ని ఆ పని చేసినందుకు తిట్టడం తగదు.

అయితే నాణేనికి రెండో వైపు చూడకపోతే మోసం చేసినట్టవుతుంది. కుంచెను అనుకరించే ఖతి నిలిచినచోట కుంచె పట్టుకునే మనిషికి పని తగ్గింది. అమెరికాలో అట్టలు రాసేవాళ్ళు పోయారు. మన దగ్గర అయితే ఇది కళ్ళముందు జరిగింది. దుకాణం షట్టర్ల మీద, గోడల మీద, సినిమా బ్యానర్ల మీద ఎనామిల్ రంగులతో రాసే ఆర్టిస్టులు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. ఫ్లెక్సీ వచ్చింది, వాళ్ళ చేతిలో కుంచె ఆగిపోయింది.

తెలుగులో ఈ కుంచె అక్షరాల చిక్కు మరో రకంగా ఉంటుంది. మన అక్షరాలు పక్కపక్కన చేతులు కలుపుకోవు, కాబట్టి ఎక్స్‌కోఫోన్ ఎదుర్కొన్న 676 జతల బాధ మనకు లేదు. పెద్ద అక్షరాలూ లేవు గనక ఆ దుర్వినియోగమూ లేదు. మనకున్న చిక్కంతా నిలువునా ఉంది. పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తులు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో కుంచె ఎన్ని మలుపులు తిరగాలో మీరే రాసి చూడండి. విసురుగా రాసేవాడు వత్తును తనకు తోచిన చోటికి లాగి, కొంచెం సాగదీసి, కింది వరసకు తగలకుండా తప్పిస్తాడు. ఖతి చేసేవాడు ప్రతి హల్లుకు కింద ప్రతి వత్తు ఎక్కడ కూర్చోవాలో ముందే తేల్చాలి. అందుకే తెలుగులో ప్రాణమున్న కుంచె ఖతి చేయడం చిన్న పని కాదు.

అయినా మనకు ఒక గొప్ప ఉదాహరణ ఉంది, మీరందరూ ఈపాటికే అనుకుని ఉంటారు. బాపుగారి రాత. 2014లో ఆయన వెళ్ళిపోయారు గానీ, ఆయన దస్తూరి ఖతిగా మారి శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద, పత్రికల శీర్షికల మీద తిరుగుతూనే ఉంది. పేరు తెలియని కుర్రాడు కూడా ఆ వంపు చూసి 'బాపు అక్షరాలు' అంటాడు. ఎక్స్‌కోఫోన్ అక్షరాలు చూసి ఫ్రాన్సులో దారినపోయేవాడు 'ఎక్స్‌కోఫోన్ రాత' అనడు. ఆ ఒక్క విషయంలో మనవాళ్ళదే పైచేయి. ఒక మనిషి రాతను జాతి మొత్తం గుర్తుపట్టడం మామూలు సంగతి కాదు.

కానీ ఒక్క బాపుగారితో సరిపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. విజయవాడలో, వరంగల్లులో, కర్నూలులో, శ్రీకాకుళంలో, పేరు పత్రికలకెక్కని బోర్డు ఆర్టిస్టులు ఒక్కొక్కరిది ఒక్కో విసురు. ఒకరి 'శ్రీ' ఒకలా తిరుగుతుంది, ఇంకొకరి 'క్ష' కింద కొస ఇంకోలా తేలుతుంది. పాత గోడలు సున్నం కొట్టించుకుంటున్నాయి, షట్టర్లు మారిపోతున్నాయి, వాళ్ళలో చాలామందికి వయసు మీదపడింది. ఖతులు తయారుచేసే సాధనాలు ఇవాళ ఉచితంగా దొరుకుతున్నాయి, ఆ పని నేర్చుకున్న యువకులు మనలోనూ ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం. మీ ఊళ్ళో బోర్డులు రాసిన పెద్దాయన ఎక్కడున్నారో కనుక్కోండి. తెల్ల అట్టలూ నల్లరంగూ తీసుకుని వెళ్ళండి. అక్షరమాల ఒక్కటే రాయించుకుని లేచి రాకండి, గుణింతాలన్నీ, వత్తులన్నీ, ఒక్కో అక్షరం రెండు మూడు సార్లు ఆయన తీరిక చూసుకుని రాయించండి. ఆ పనికి తగిన డబ్బు ఇవ్వండి. ఖతి తయారయ్యాక దానికి ఆయన పేరే పెట్టండి.